ఆ ఐదున్నర మనం వెనక్కి తీసుకోవాలి

తిరుపతి,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. ఇన్నాళ్ళు జవాబు రాయనందుకు తప్పు నాదే, క్షమించు. రెండుసార్లు మొదలుపెట్టి సగంలో ఆపేశాను. ఆ కాగితాలు ఎక్కడో బీరువాలోనే ఉన్నాయి. ఈసారి మాత్రం ఆపను, ఎందుకంటే ఒక సంగతి నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

ముందు ఇంటి కబుర్లు గబగబా చెప్పేస్తా. నాన్నకి కంట్లో శుక్లాల ఆపరేషన్ అయింది, బాగానే ఉన్నాడు, పేపరు మళ్ళీ తనే చదువుకుంటున్నాడు. పై పోర్షన్ ఖాళీ అయింది. అవ్వ శ్రీకాళహస్తి దగ్గర మా చిన్నత్త ఇంటి నుంచి వచ్చి నెల రోజులుగా మా దగ్గరే ఉంది. వానలు సరిగ్గా లేవు. అంతే. అవ్వ సంగతి కింద మళ్ళీ వస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. నువ్వు ఛానెల్ పెడుతున్నానని రాశావు కదా. తెలుగులో వీడియో గేమ్ రివ్యూలు, ప్రతి వీడియో చివర పదికి ఇన్ని అని మార్కు, మనం ఆడిన ఆటలకి మార్కులు రాసుకున్న ఆ పచ్చ అట్ట నోట్‌బుక్‌లోని తీర్పులతోనే మొదలుపెడతానని. అది చదివి చాలా సంబరపడ్డాను. నీ గొంతుకి, నీ మాటకారితనానికి అది సరైన పనే. అయితే ఆ నోట్‌బుక్ నా దగ్గరే ఉంది కాబట్టి, నీకు పంపేముందు ఒకసారి తిరగేద్దామని తీశాను. ముప్పైరెండో పేజీ దగ్గర ఆగిపోయాను.

నీ చేతిరాతే. 'రాజీ. బొమ్మలు బాగున్నాయి. కొట్లాట అంతా ఒకటే తీరు. కెమెరా చెత్త. ఆర్డినరీ బస్సు. ఐదున్నర.' కింద నీ సంతకం, పక్కన నా సంతకం. 2020 అక్టోబరు. బైరాగిపట్టెడలో మీ మేడ మీది గది. గుర్తుందా? ఆ రోజు మధ్యలో కరెంటు పోయింది, లాప్‌టాప్‌లో చార్జి అయిపోయింది, అప్పటికి మనం ఆడింది గంట కూడా ఉండదు. కరెంటు రాకముందే మార్కు వేసేశాం. (పుత్తూరు బస్సు సంగతి తలుచుకుని నువ్వు ఇప్పుడు నవ్వుతున్నావని నాకు తెలుసు. మధ్యరకం ఆటలకి ఆర్డినరీ బస్సు అని పేరు పెట్టింది నువ్వే కదా. అన్ని స్టాపుల్లో ఆగుతుంది, ఊరైతే చేరుస్తుంది.)

ఆ సంతకం చూస్తే నాకు ఏదోలా అయింది. రాజీ అంటే పుణెలో ఒక చిన్న జట్టు చేసిన ఆట, నోడింగ్ హెడ్స్ వాళ్ళు. 2017లో కిక్‌స్టార్టర్‌లో, అదే జనం దగ్గర చందాలు పోగుచేసే సైట్‌లో, డబ్బు అడిగితే అనుకున్నంత రాలేదు. అయినా వదలకుండా మూడేళ్ళు పట్టుకుని కూర్చుని 2020లో బయటికి తెచ్చారు. ఆ ఏడాది గేమ్ అవార్డ్స్‌లో కొత్త జట్ల తొలి ఆటల విభాగంలో నామినేషన్ కూడా వచ్చింది. మనం దానికి గంట కూడా ఇవ్వలేదురా.

అందుకే మళ్ళీ కొన్నాను. హాల్లో టీవీకి తగిలించి, రాత్రి భోజనాలయ్యాక కూర్చున్నాను. మొదట్లోనే కథ తోలుబొమ్మల్లా తెర మీద నీడలతో చెప్తారు, అది నీకు గుర్తుండే ఉంటుంది. ఆ నీడలు కదులుతుంటే అవ్వ వక్కాకు నములుతూ వంటింట్లోంచి వచ్చి నిలబడింది.

"ఏందిరా అబ్బోడా, తోలుబొమ్మలాటా?"

"అట్లాంటిదే అవ్వా, ఆట."

"మరి కేతిగాడు ఎప్పుడొస్తాడు? బంగారక్క?"

బొమ్మలాటలో నవ్వించే ఆ ఇద్దరూ ఇందులో రారు అన్నాను. ఆమె మొహం కొంచెం చిన్నబోయింది గానీ పోలేదు, కుర్చీ లాక్కుని కూర్చుంది. చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో వానలు పడకపోతే బొమ్మలాట వాళ్ళని పిలిపించి విరాటపర్వం ఆడించేవాళ్ళట. రెండు గుంజల మధ్య తెల్ల పంచె కట్టి, వెనక ఆముదం దీపాలు పెట్టి, తెల్లవారేదాకా ఆడేవాళ్ళట. ఈమె తెర ముందు కూర్చోకుండా వెనక్కి పోయి, బొమ్మలు ఆడించేవాళ్ళ కాళ్ళకి కట్టుకున్న గజ్జెలు చూసేదట. ఇన్నేళ్ళలో ఈ సంగతి నాకు ఒక్కసారి కూడా చెప్పలేదు. ఎవరు అడిగారు కనుక?

ఆటలో మాటలు ఇంగ్లీషు కాబట్టి నేను తెలుగులో చెప్తూ ఆడాను. రాజీ అనే సర్కస్ పిల్ల, రాక్షసులు ఎత్తుకుపోయిన తమ్ముడు గోలు కోసం వెతుక్కుంటూ పోతుంది. పైనుంచి చూస్తూ ఆ కథ చెప్పేది ఇద్దరు, విష్ణుమూర్తి, దుర్గ. ఒకరు ఒకటంటే ఇంకొకరు ఇంకొకటంటారు. ఆ రోజు మీ గదిలో ఆ మాటలు మనకి అడ్డంగా అనిపించాయి. దాటెయ్యి, దాటెయ్యి అన్నావు నువ్వు, నేనూ అదే అన్నాను.

అవ్వ విన్నది. విని, "అన్నాచెల్లెళ్ళు కదా, అట్లనే మాట్లాడుకుంటారు" అంది.

శీనూ, నా చేతిలో కంట్రోలర్ అట్లాగే ఆగిపోయింది. మనం తిరుపతిలో పుట్టి పెరిగిన వాళ్ళం. తాతయ్యగుంట గంగమ్మ ఎవరు? స్వామివారి చెల్లెలు. ఏటా జాతరకి కొండ మీద నుంచి పుట్టింటి సారె వస్తుంది, పసుపు కుంకుమ, చీర. బండవేషం వేసుకుని నువ్వు ఆ వీధుల్లో తిరిగావు, నేను నీ వెనకే నీళ్ళ సీసా పట్టుకుని వచ్చాను. అన్న పైనుంచి, చెల్లెలు కింది నుంచి ఊరిని చూసుకుంటారని మనకి మాటలు రాకముందే తెలుసు. ఒక అక్క తమ్ముడి కోసం రాక్షసుల మీదికి పోతుంటే, ఆ కథని ఒక అన్న, ఒక చెల్లెలు కలిసి చెప్తున్నారు. అది మన కళ్ళెదురుగా ఉంటే మనం బటన్ నొక్కి దాటేశాం.

ఆ తర్వాత ఒక్క మాట కూడా దాటెయ్యలేదు. గోడల మీద పురాణ కథల బొమ్మలు ఉంటాయి, దగ్గరికి పోయి నిలబడితే వాటి కథ చెప్తారు. అన్నిటి దగ్గరా ఆగాను. కొన్ని చోట్ల గుండ్రటి పలకలు తిప్పి బొమ్మ కలపాలి. ముక్కలన్నీ కుదిరితే అక్కాతమ్ముళ్ళ పాత జ్ఞాపకం ఒకటి బయటపడుతుంది. వాటిని అవ్వే తిప్పించింది. "ఇంకొంచెం ఇట్లా, ఇంకొంచెం, ఆ..." అని వేలు గాల్లో తిప్పుతూ. విష్ణుమూర్తి నగరంలో నీళ్ళు, తామరలు, ఆ గోపురాలు చూసి కాసేపు ఆటని కదలనివ్వలేదు.

అట్లాగని మనం రాసింది అబద్ధం అనను. నిజం నిజంగానే చెప్పాలి. కొట్లాట ఒకటే తీరు, అవును. త్రిశూలం చేతికి వచ్చిన కొత్తలో స్తంభం పట్టుకుని గిర్రున తిరిగి కొడితే ఒళ్ళు పులకరిస్తుంది, పదిసార్లు అయ్యాక మళ్ళీ అదే. కెమెరా మన చేతిలో ఉండదు, దూరంగా పోయి నిలబడుతుంది, దూకాల్సిన గట్టు ఎంత దూరమో కంటికి ఆనదు. ఒక్కచోటే తొమ్మిదిసార్లు పడ్డాను. లెక్కపెట్టింది అవ్వ. "ఆ పిల్లది తప్పు లేదురా" అంది. దెబ్బ తగిలాక రాజీ లేచే తీరు కూడా కొంచెం బరువుగా ఉంటుంది. ఇవన్నీ విమర్శకులు ఆ రోజే రాశారు, సరిగ్గానే రాశారు. విమర్శకుల మార్కులన్నీ కలిపి వందకి ఇంత అని చూపించే మెటాక్రిటిక్ సైట్‌లో 70కి అటూ ఇటూగా నిలబడింది. అక్కడ 75 నుంచి పచ్చరంగు, 50 నుంచి 74 దాకా పసుపు. ఇది పసుపులో పడింది, పసుపు చూస్తే ఎవరూ ఆగరు.

నేను చెప్పాలనుకుంటున్నది ఇదేరా. మన స్కూల్లో సుధ గుర్తుందా? పదో తరగతిలో 600కి 390. అందరూ ఆ పిల్లని యావరేజి అన్నారు. తెలుగులో 96, లెక్కల్లో 38, ఆ కాగితం మనం చూశాం. యావరేజి అన్నది ఆ పిల్లలో ఎక్కడా లేదు. ఒక చోట అందరికంటే పైన, ఒక చోట అందరికంటే కింద. రాజీ అట్లాంటి ఆట. బొమ్మకి, కథ చెప్పే తీరుకి తొమ్మిది ఇస్తాను. కొట్లాటకి ఐదు. రెండూ కలిపి సగానికి కోస్తే ఏడు. అన్నిట్లోనూ ఏడు తెచ్చుకుని, ఎక్కడా తప్పు చెయ్యక, ఎక్కడా గుండె తాకని ఆటకి కూడా ఏడే. రెండూ పక్కపక్కన ఒకే రంగులో కూర్చుంటాయి. ఇది నాకు ఎంత అన్యాయంగా అనిపిస్తోందో మాటల్లో చెప్పలేను.

ఆ అంకె మీద ఆట చేసినవాళ్ళకి రావాల్సిన డబ్బు కూడా ఆధారపడింది. ఫాల్అవుట్ న్యూ వెగాస్, 2010. మెటాక్రిటిక్‌లో 85 వస్తే ఆ ఆట చేసిన అబ్సిడియన్ వాళ్ళకి బోనస్. వచ్చింది 84. ఈ రోజుకీ జనం నెత్తిన పెట్టుకుని ఆడుతున్న ఆట అది! మ్యాడ్ మ్యాక్స్ సంగతి నీకు తెలుసు, 2015 సెప్టెంబరు 1న మెటల్ గేర్ సాలిడ్ 5తో పాటు ఒకే రోజు వచ్చింది. మన దగ్గర ఒక్క ఆటకే డబ్బులు. పెద్ద అంకె ఉన్నది కొన్నాం. మ్యాడ్ మ్యాక్స్‌ని ఆ ఇసుక తుఫాను కోసమన్నా కొనాల్సింది అని ఐదేళ్ళ తర్వాత నువ్వే అన్నావు. ఆటల రివ్యూలు రాసే యూరోగేమర్ సైట్ వాళ్ళు అదే 2015లో పదికి ఇన్ని అనే మార్కులు తీసేసి, బాగుంది, వద్దు అని మాటల్లో చెప్పడం మొదలుపెట్టారు. తర్వాత 2023లో నక్షత్రాలు తెచ్చారనుకో. అంటే జనానికి ఏదో ఒక గుర్తు కావాలి, అది నాకూ అర్థమవుతుంది. నీ వీడియో చూసేవాడికి ఓపిక ఉండదు, చివరికి పోయి అంకె చూసి...

ఆగు, అమ్మ పిలుస్తోంది.

వచ్చాను. ఎక్కడున్నాను? ఆ, అంకె. నీకు అంకె పెట్టక తప్పదంటే పెట్టు. కానీ మధ్యలో ఉన్న ఆటలకి మాత్రం ఒక్కటి కాదు, రెండు చెప్పు. ఎక్కడ తొమ్మిదో, ఎక్కడ ఐదో. పది వచ్చిన ఆట గురించి నువ్వు చెప్పకపోయినా లోకమంతా చెప్తుంది. రెండు వచ్చినది దానంతటదే పోతుంది. నువ్వు నోరు తెరిచి చెప్పాల్సింది ఈ ఐదుకీ ఎనిమిదికీ మధ్యలో ఉన్నవాటి గురించే. వాటిలో దేనిలో ఏముందో ఎవరో ఒకరు కూర్చుని విడదీసి చెప్తే తప్ప తెలీదు. ఇంకోటి, చివరిదాకా ఆడకుండా మార్కు వెయ్యకు. నేనూ సంతకం పెట్టినవాణ్ణే కాబట్టి ఇది మనిద్దరికీ కలిపి చెప్తున్నాను. మోకాళ్ళ పర్వతం దగ్గర పెట్టుకున్న ఒట్టు అంత గట్టిగా తీసుకో.

ఇంకా అసలు చెప్పాల్సింది మిగిలే ఉంది. మూడో రాత్రి ఆట అయిపోయింది. మొత్తం ఐదు గంటలు పట్టిందేమో. చివర ఏమవుతుందో నీకు చెప్పను, నువ్వు ఆడాలి. ముగింపు గురించి కూడా విమర్శకులు రాశారు, అర్ధంతరంగా తెగిపోయిందని. నిజమే. సరిగ్గా ముడి విప్పాల్సిన చోట తెర దించేశారు. పేర్లు పడుతుంటే నాకు ఒళ్ళు మండింది, మూడు రాత్రులు కూర్చోబెట్టి ఇట్లా చేస్తారా అని. అవ్వ వైపు తిరిగాను. ఆమె కోపంగా లేదు. పమిట కొంగు సర్దుకుని లేస్తూ అడిగింది.

"మళ్ళీ రేపు రాత్రికి కడతారా తెర?"

వాళ్ళ ఊళ్ళో అట్లాగే ఆడేవాళ్ళట, కథ ఎక్కడ ఆగినా తర్వాతి రాత్రి అక్కడి నుంచే. నేను ఏం చెప్పాలో తెలియక, చూద్దాం అవ్వా అన్నాను. తర్వాతి రోజు సాయంత్రం ఏడింటికే భోంచేసి వచ్చి ఆ కుర్చీలో కూర్చుంది. టీవీ ఖాళీగా ఉంది. అప్పుడు నా మనసు... సరే, అది రాస్తే ఇంకో రెండు పేజీలు అవుతుంది.

నోట్‌బుక్‌లో ఐదున్నర కొట్టెయ్యలేదు, నువ్వు లేకుండా ఎట్లా కొడతాను? పండక్కి రా. అవ్వ పక్కన కూర్చుని మొదటి నుంచి ఆడదాం, ఆ తొమ్మిదిసార్లు పడిన గట్టు దగ్గర కంట్రోలర్ నీకిస్తాను. ఛానెల్‌కి ఏం పేరు అనుకుంటున్నావు? నువ్వు రాసిన రెండు పేర్లలో మొదటిది నాకు నచ్చింది, ఎందుకో చెప్తా, కానీ మా తమ్ముడు బండి తీసి బయట హారన్ కొడుతున్నాడు, మీ ఊరి బస్సు ఎక్కబోతున్నాడు, ఈ కవరు వాడి చేతికే ఇవ్వాలి. వస్తున్నారా వస్తున్నా అని అరుస్తూ రాస్తున్నాను. మీ అమ్మకి నమస్కారాలు చెప్పు. నోట్‌బుక్ పంపట్లేదు, నువ్వే వచ్చి

నీ,
రమణ