సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి వార్షిక నివేదిక

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గానికి, విజయవాడ, గుంటూరు, తెనాలి నుంచి వచ్చిన తోటి బాస్కెట్‌బాల్ రిఫరీలకు, బల్ల దగ్గర కూర్చుని స్కోరు, సమయం చూసే టేబుల్ అఫీషియల్స్‌కు నమస్కారం.

ఈ ఏడాది కాలేజీ మ్యాచ్‌లకు మనవాళ్ళు ఎండనక వాననక వెళ్ళారు. కోర్టులు ఇచ్చిన ప్రిన్సిపాళ్ళకు, ఫిజికల్ డైరెక్టర్లకు, భోజనాలు, మజ్జిగ చూసుకున్న దాతలకు, మ్యాచ్ అయ్యాక బల్లలు, కుర్చీలు సర్దిన విద్యార్థులకు సంఘం తరఫున కృతజ్ఞతలు. షాట్ క్లాక్ (షాట్ వేయడానికి జట్టుకు మిగిలిన సెకన్లు చూపే గడియారం) పెట్టెలను సొంత కారులో తిప్పిన సీనియర్ సభ్యులకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

గర్వంగా చెప్పుకోవలసింది టేబుల్ అఫీషియల్స్ శిక్షణ శిబిరం గురించి. మన మ్యాచ్‌ల్లో గొడవలు ఫౌళ్ళ దగ్గరకన్నా షాట్ క్లాక్ దగ్గరే ఎక్కువ మొదలవుతున్నాయి. షాట్ వేసిన బంతి రింగుకు తగిలి అదే జట్టుకు దొరికితే క్లాక్‌ను 14 సెకన్లకు, అవతలి జట్టుకు దొరికితే 24కు మార్చాలి. రింగుకు తగలకుండా అదే జట్టుకు దొరికితే క్లాక్ ముట్టుకోకూడదు. డిఫెండర్ చేతికి తగిలి బయటికి పోయినా ఆగిన చోటు నుంచే నడవాలి. చదివితే తేలికే. గ్యాలరీ అంతా అరుస్తుంటే బొటనవేలు బటన్ మీద పెట్టుకుని కూర్చున్న పిల్లాడికి అంత తేలిక కాదు.

శిబిరం చివర ఆడించిన మ్యాచ్‌లో అదే జరిగింది. షాట్ రింగుకు తగల్లేదు, అదే జట్టు బంతి అందుకుంది, 6 మీదున్న క్లాక్ టక్కున 14 అయింది. రిఫరీ కంగారుపడి విజిల్ వేయలేదు. బంతి రింగుకు దూరంగా, గార్డ్‌గా ఆడే ఆటగాడి చేతికి వచ్చాక, ఎవరికీ నష్టం లేని క్షణం చూసి ఆపారు. రీసెట్ అయ్యాక 2 సెకన్లు గడిచాయని టైమర్ చెప్పాడు. క్లాక్‌ను 4కి సరిచేసి త్రో-ఇన్ (గీత బయటి నుంచి బంతి లోపలికి వేయడం) ఆ జట్టుకే ఇచ్చారు. ఇద్దరు కోచ్‌లూ నోరెత్తలేదు. షాట్ క్లాక్ హారన్ పొరపాటున మోగినప్పుడు కూడా ఇదే నిదానం కావాలి: పట్టించుకోకుండా ఆట సాగనివ్వాలి, బంతి ఉన్న జట్టు దానివల్ల నష్టపోయిందనిపిస్తేనే ఆపి, క్లాక్ సరిచేసి, బంతి వాళ్ళకే ఇవ్వాలి.

టైమౌట్ల (జట్టు కోరే చిన్న విరామాల) విషయంలో టీవీలో అమెరికా లీగ్ ఎన్‌బీఏ చూసిన అలవాటు ఇంకా వదల్లేదు. ఆటగాడు అడిగితే మనం ఇవ్వం. హెడ్ కోచ్ గానీ మొదటి అసిస్టెంట్ గానీ టేబుల్‌ను స్పష్టంగా అడగాలి, బెంచీ దగ్గర వాళ్ళలో వాళ్ళు అనుకుంటే చెల్లదు. మొదటి సగంలో 2, రెండో సగంలో 3, మిగిలినవి ముందుకు కలవవు. నాలుగో క్వార్టర్‌లో ఆట గడియారం మీద 2:00 పడేసరికి రెండో సగం టైమౌట్ ఒక్కటీ వాడని జట్టుకు స్కోరర్ స్కోర్‌షీట్‌లో రెండో సగం టైమౌట్ల మొదటి గడిలో రెండు అడ్డగీతలు గీసేయాలి, అంటే ఆ టైమౌట్ పోయినట్టే. ఆ గీతలు మరిచిపోయిన షీట్లు ఈ ఏడాది నా దగ్గరికి చాలానే వచ్చాయి. ఆఖరి నిమిషంలో తగువంతా అక్కడే పుడుతుంది.

ఇక చెప్పక తప్పని మాట. డ్యూటీ లిస్టులో పేరు వేయించుకుని, పొద్దున ఫోన్ స్విచాఫ్ చేసేవాళ్ళు పెరిగారు. వాళ్ళ బదులు షాట్ క్లాక్ ముందు కూర్చున్నది నిబంధనలు తెలియని ఫస్టియర్ పిల్లలు. తప్పు జరిగితే తిట్లు వాళ్ళకా? కొత్త షాట్ క్లాక్‌ల కోసం మేం రాసిన ఉత్తరాలకు సంబంధిత అధికారుల నుంచి జవాబు రాలేదు. ఫైనల్ రోజు మాత్రం వేదిక మీదికి అందరూ వచ్చారు.

జమాఖర్చుల పత్రం కోశాధికారి గారు పంచారు, ఆడిట్ అయింది, సందేహాలుంటే వారినే అడగండి.

వచ్చే సీజన్‌కు షాట్ క్లాక్ డ్యూటీ శిబిరానికి వచ్చినవారికే ఇవ్వాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది. రాదలచినవారు భోజనానికి లేచేలోపు రిజిస్టర్‌లో పేరు రాయండి. నివేదికను ఆమోదించవలసిందిగా కోరుతూ,

గౌరవ కార్యదర్శి