కలెక్టర్ గారూ, మా కమ్యూనిటీ హాలు తాళం ఎవరి దగ్గరుంది?

విశాఖపట్నం జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం. అక్టోబరు రాకముందే ఈ ఉత్తరం మీ దాకా చేరాలని రాస్తున్నాను. మాది నగరంలో ఓ కొండవాలు కాలనీ. కింద రోడ్డు మీద కమ్యూనిటీ హాలు ఉంది, పెళ్లిళ్లకీ, పోలియో చుక్కలకీ, ఓటు వేయడానికీ అక్కడికే వెళ్తాం. తుఫాను వస్తే కూడా అక్కడికే వెళ్లమంటారు. ఆ మాట గురించే మీతో మాట్లాడాలి.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను వస్తోందని ముందు రోజే ఆటోకి మైకు కట్టి కాలనీ అంతా చెప్పారు, ఆ విషయంలో నేను ఎవరినీ తప్పు పట్టను. రేకుల ఇళ్లవాళ్లం పొద్దున్నే బట్టలూ రేషన్ కార్డులూ మూట కట్టుకుని, నడవలేని మా అత్తగారిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మా ఆయనా మరిదీ చెరోవైపు పట్టుకుని అన్ని మెట్లూ దించి, హాలు దగ్గరికి వెళ్తే తాళం వేసి ఉంది. "తాళం ఎవులి దగ్గరుందమ్మా?" అని మా వీధి పెద్దమ్మ అందరినీ అడుగుతూనే ఉంది. ఫోన్ చేస్తే ఒకరు ఇంకొకరి పేరు చెప్పారు, ఆ ఇంకొకరు ఊళ్లోనే లేరు. వానలో గంటకు పైగా నిలబడ్డాం. చివరికి కుర్రాళ్లు గునపంతో గొళ్లెం పెకలించారు.

లోపలికి వెళ్లాక ఇంకో కథ. గంటకు 180 కిలోమీటర్ల దాకా వీచిన గాలి అది. ఒక పక్క కిటికీ అద్దాలు పగిలి లోపలికి వచ్చిపడితే పిల్లల్ని ఎత్తుకుని అందరం రెండో పక్కకి చేరాం. మధ్యాహ్నం గాలి ఒక్కసారిగా ఆగిపోయింది. అయిపోయిందనుకుని కొందరు ఇళ్లు చూసుకోవడానికి మెట్లెక్కారు. అది తుఫాను కన్ను అని, కాసేపటికి గాలి ఎదురు దిక్కు నుంచి మళ్లీ కొడుతుందని మా మధ్య తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. రెండో పక్క అద్దాలు కూడా పోయాయి. మెట్ల మీద ఉన్నవాళ్లు ఒకరినొకరు పట్టుకుని ప్రాణాలతో దిగారు, అది మా అదృష్టం తప్ప ఎవరి ఏర్పాటూ కాదు. ఆ తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు లేక మోటారు లేదు, మోటారు లేక పైన ట్యాంకులో చుక్క లేదు, దాదాపు 200 మందికి ఒక్క మరుగుదొడ్డి. దొడ్డికి వెళ్లాల్సి వస్తుందని ఆడవాళ్లం నీళ్లు తాగడమే మానేశాం సార్.

ఇప్పుడు ఆ హాలుకి కొత్త రంగు వేశారు, కింద టైల్స్ కూడా వేశారు. కిటికీలు మాత్రం అవే అద్దాల కిటికీలు, మరుగుదొడ్డి అదే ఒక్కటి.

జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ పెట్టిన కనీస ప్రమాణాల ప్రకారం శిబిరంలో మనిషికి 3.5 చదరపు మీటర్ల చోటు ఉండాలి, 30 మందికి ఒక మరుగుదొడ్డి, మనిషికి రోజుకి 3 లీటర్ల తాగునీరు. మా హాలు 60 అడుగుల పొడవు, 40 అడుగుల వెడల్పు. లెక్క వేస్తే 63 మందికి సరిపోతుంది. మిగతావాళ్లు ఎక్కడికి వెళ్లాలో ఎండాకాలంలోనే తేలిపోవాలి కదా, గాలి మొదలయ్యాక కాదు. దగ్గర్లో రెండు ప్రైవేటు ఫంక్షన్ హాళ్లు ఉన్నాయి, వాటిలో బాత్‌రూములున్నాయి, పెద్ద వంటగదులున్నాయి, గుండిగలున్నాయి. 2005 విపత్తు నిర్వహణ చట్టం కింద జిల్లా సంస్థకు అధ్యక్షులు మీరే, అవసరమైతే భవనాలూ వాహనాలూ తీసుకునే అధికారం ఆ చట్టంలోనే ఉంది. ఆ అధికారం వాడాల్సిన అవసరం రాకుండా, యజమానులతో ముందే కూర్చుని, ఆ రోజు పెళ్లి బుకింగ్ ఉంటే ఏం చేయాలి, డీజిల్ ఖర్చు ఎవరిది అన్నవి రాసుకుంటే సరిపోతుంది.

ఇక మనుషుల సంగతి. వాలంటీర్ అనగానే మన రాష్ట్రంలో అందరికీ ప్రభుత్వం పెట్టిన వార్డు వాలంటీర్ల సంగతి గుర్తొస్తుంది, నేను అడిగేది అది కాదు, జీతం గురించి అసలే కాదు. ప్రతి భవనానికీ ఆ వీధుల్లోనే ఉండే 12, 15 మంది కావాలి, సగం మంది ఆడవాళ్లయి ఉండాలి. మంచం పట్టినవాళ్లు ఏ ఇంట్లో ఉన్నారో, ఎవరికి నెలలు నిండుతున్నాయో, ఎవరికి ఇన్సులిన్ కావాలో డ్వాక్రా సంఘం అక్కలకి తెలిసినంతగా ఏ ఆఫీసుకీ తెలియదు. ఆ జాబితా వాళ్ల చేత రాయించండి. ప్రథమ చికిత్స, గాయపడినవాళ్లని మోసే పద్ధతి, తుఫాను కన్ను అంటే ఏమిటి, ఇవి నేర్పించండి. కేంద్రం ఆపద మిత్ర పథకం కింద ఇలాంటి శిక్షణే ఇచ్చింది, అది కొండవాలు కాలనీలకీ జాలరి పేటలకీ రావాలి.

జాలరి పేట అన్నాను కాబట్టి ఇంకో మాట. పెద జాలరిపేటలోనో మంగమారిపేటలోనో జనం ఖాళీ చేయమంటే కదలడం లేదని ప్రతిసారీ అంటుంటారు. వల, ఇంజను ఒడ్డున వదిలేసి ఎలా వస్తారు చెప్పండి, అవి పోతే ఆ ఇంటికి కూడే లేదు. షెల్టర్ పక్కన వాటికి తాళం వేసే ఒక గది చూపించండి, తమంతట తామే వస్తారు. మా కాలనీలో అయితే దొంగల భయం, మేకల బెంగ. వీధికి ఇద్దరు చొప్పున కాపలా ఉంటారని ముందే తెలిస్తే సగం మంది టెన్షన్ లేకుండా కిందికి దిగుతారు.

ఒడిశాలో 1999 సూపర్ సైక్లోన్‌లో దాదాపు 10 వేల మంది పోయారు. ఆ తర్వాత వాళ్లు షెల్టర్లు కట్టి ఊరుకోలేదు, వాటిని చూసుకోవడానికి ఊరి కమిటీలు వేశారు, మాక్ డ్రిల్స్ చేయించారు. హుద్‌హుద్‌కి సరిగ్గా ఏడాది ముందు, 2013 అక్టోబరు 12న, ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు దాదాపు 10 లక్షల మందిని ముందే తరలించగలిగారు, మరణాలు పదుల్లోనే ఆగాయి. గోపాల్‌పూర్ మనకేమీ దూరం కాదు సార్. మన అధికారులూ మన సంఘాల వాళ్లూ ఒకసారి వెళ్లి అక్కడివాళ్లతో మాట్లాడి రావచ్చు.

మన నగరానికి తుఫాను ఒక్కటే కాదు. 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి స్టైరిన్ అనే విష రసాయనం ఆవిరై లీకైనప్పుడు నిద్రలోంచి లేచి ఎటు పరిగెత్తాలో తెలియక జనం రోడ్ల మీదే పడిపోయారు. ఆ ఆవిరి గాలి కంటే బరువు, నేలను అంటిపెట్టుకుని పాకుతుంది. అలాంటి రాత్రి తుఫానుకి పనికొచ్చిన హాలే చావు గది కావచ్చు. కాబట్టి ఫ్యాక్టరీల దగ్గరి వార్డులకు గాలి ఎటు వీస్తే ఏ భవనానికి వెళ్లాలో వేర్వేరుగా రాసి పెట్టాలి, అక్కడి వాలంటీర్లకి గాలివాటం చూడటం నేర్పాలి.

నేను అడిగేవాటిలో డబ్బు పెద్దగా అక్కర్లేనివే ఎక్కువ. కిటికీలకి ఇనుప షట్టర్లు, ఇంకో రెండు మరుగుదొడ్లు, నేల మీద కుళాయి ఉన్న ఒక నీళ్ల ట్యాంకు, వీల్‌చైర్ ఎక్కే ర్యాంపు, వీటికి ఖర్చవుతుంది నిజమే. తాళం చెవులు మూడు చేయించి ముగ్గురికిచ్చి, వాళ్ల ఫోన్ నంబర్లు తలుపు మీద పెయింట్‌తో రాయించడానికి ఎంతవుతుంది? సెప్టెంబరులో ఒక శనివారం రాత్రి కరెంటు తీసేసి, మా కాలనీ వాళ్లందరినీ మెట్లు దించి ఆ హాలులో పడుకోబెట్టి చూడండి. ఏది లేదో తెల్లారేసరికి మీకూ తెలుస్తుంది, మాకూ తెలుస్తుంది.

మా వైపు నుంచి 14 మందిమి పేర్లు రాసుకుని ఉన్నాం, అందులో ఎనిమిది మంది ఆడవాళ్లం. ఇద్దరు ఎలక్ట్రీషియన్లు, ఒక ఏఎన్‌ఎం, ఇద్దరు ఆటో డ్రైవర్లు ఉన్నారు. ఏ ఆదివారం పిలిచినా శిక్షణకి వస్తాం. ముందుగా ఆ హాలు తాళం చెవి ఒకటి మాకు ఇప్పించండి.

ఇట్లు,
విశాఖ కొండవాలు కాలనీలో ఉండే ఒక గృహిణి