లారీ ఎక్కించే ముందు ఒక ఫోన్ కొట్టండి

సంపాదకులు గారికి నమస్కారం,

వానలు మొదలైనయ్ కాబట్టి ఇప్పుడే రాస్తున్న, వరద వచ్చినంక రాస్తే ఎవరు చదువుతరు. 2024 సెప్టెంబర్ 1న మున్నేరు పొంగి ఖమ్మం కాలనీలల్ల పడ్డది కదా, ఆ తర్వాత నాలుగైదు రోజులకు మేం నల్గొండల ఇంటింటికి తిరిగి జమ చేసిన సామాన్లతోని ఒక డీసీఎం వ్యాను నింపి నకిరేకల్, సూర్యాపేట మీదుగ పోయినం. బియ్యం, వాటర్ బాటిళ్లు, బ్రెడ్డు, ఒక పదిహేను మూటల పాత బట్టలు. బండికి ముందర ఫ్లెక్సీ గూడ కట్టినం, ఎందుకు దాచాలె.

కాలనీ మలుపు దగ్గరనే జనం ఆపిండ్రు. మాకంటే ముందు అక్కడ మూడు బండ్లు ఉన్నయ్, మూడింట్ల గూడ అవే నీళ్ల బాటిళ్లు, అవే పులిహోర పొట్లాలు. ఒక పెద్దమ్మకు మేం బియ్యం సంచి ఇయ్యబోతే "పొయ్యి కొట్కపోయింది, గిన్నెలు కొట్కపోయినయ్, గీ బియ్యం దేంట్ల వండాలె బిడ్డా" అన్నది, మా దగ్గర జవాబు లేదు. ఆమె ఇంట్ల మోకాళ్ల దాకా బురద. ఆమెకు కావాల్సింది ఒక పార, రెండు తట్టలు, చీపురు, బ్లీచింగ్ పౌడర్, కరెంటు లేదు కాబట్టి ఒక టార్చిలైటు. అవి ఒక్కటి గూడ మా బండిల లేవు. ఇగ పాత బట్టలైతే చెప్పొద్దు, మా కంటే ముందు వచ్చినోళ్ల మూటలే రోడ్డు పక్కన వానకు నానుతున్నయ్, మావి గూడ అక్కడనే దించినం, ఎవరో కోటు ఇచ్చిండ్రు సార్, పెండ్లి కోటు.

లోపలి గల్లీలల్లకు డీసీఎం పోదు. అక్కడి ముసలోళ్లు మెయిన్ రోడ్డు దాకా రాలేరు. చివరికి ఒక ఆటో మాట్లాడుకొని సగం సామాను లోపలికి పంపినం, ఆ రోజు చేసిన పనిల పనికొచ్చింది ఏదన్న ఉంటే అదే.

అదే వానలకు మన పక్కన సూర్యాపేట జిల్లా నడిగూడెం మండలం కాగిత రామచంద్రాపురం కాడ సాగర్ ఎడమ కాలువకు గండి పడి పొలాలల్ల ఇసుక మేటలు వేసింది. వరి పండించే రైతుకు పది కిలోల బియ్యం పంపి ఏం చెయ్యమంటరు? ఆయనకు ఇసుక తీసెటందుకు ట్రాక్టరు కావాలె, జేసీబీ గంట కిరాయి కావాలె, దాంట్ల పోసే డీజిల్ కావాలె. చందాలు జమ చేసేటప్పుడు డీజిల్‌కు అని అడిగితే ఎవరూ ఇయ్యరు, అది వేరే ముచ్చట.

మా మేనత్త వాళ్లది గద్వాల జిల్లా రాజోలి. 2009 అక్టోబర్‌ల తుంగభద్ర ఊరు మీద పడ్డప్పుడు చద్దర్లు, బియ్యం బాగనే వచ్చినయంట. కాని వాళ్లు గద్వాల చీరలు నేసేటోళ్లు, గుంట మగ్గం గుంటల బురద నిండింది, మగ్గం మీది పడుగు దారాలు కుళ్లిపోయినయ్, నేసే అచ్చులు పోయినయ్. మగ్గం ఎప్పుడు నిలబడ్తదని అడిగినోడే లేడని అత్త ఇప్పటికీ అంటది. వచ్చిన బండ్లన్ని మొదటి పది రోజులల్లనే వచ్చినయ్. మగ్గం సామాను కొనాలన్న ఆలోచన వచ్చే నాటికి బండి ఒక్కటి రాలేదు.

నేను అడిగేది పెద్దదేం కాదు. కలెక్టరేట్ల ఒక్క నంబరు పెట్టి, ఏ వార్డుకు ఏ ఊరికి ఏం కావాలె, ఏం వచ్చింది, ఏది సాలు అని రోజు పొద్దున రాసి పెడితే బండి కదలకముందే ఫోన్ కొట్టి అడుగుతం. బండ్లు ఊరి బయట ఒక గోదాంలనో ఫంక్షన్ హాల్లనో దించి అక్కడి నుంచి ఆటోలల్ల గల్లీలకు పంపాలె, ఆ గల్లీల ఆశా వర్కరు, అంగన్‌వాడీ టీచరు ఎంట ఉంటే ఏ ఇంట్ల మంచం పట్టినోళ్లు ఉన్నరో వాళ్లకే ఎరుక. పాత బట్టలు మాత్రం వద్దని మేమైతే ముందే చెప్పినం ఈసారి.

మీ పత్రికకు గూడ ఒక విన్నపం, వరద వచ్చిన రోజు నుంచి జిల్లా పేజీల ఒక చిన్న డబ్బా కట్టి "ఈ రోజు ఇక్కడ ఇవి కావాలె" అని వేయండి. మూడు వారాలు ఆగకుండ వేయండి, మొదటి మూడు రోజులే కాదు.

ఇట్లు,
ఒక పాఠకుడు, నల్గొండ