లంబసింగి ట్రిప్పు: మంచు సంగతి ముందే చెప్పేస్తున్నాం

నిరుడు డిసెంబరులో ఒక ఆదివారం మా వ్యానులో వచ్చిన పన్నెండుమందికి ముందుగా ఇంకోసారి సారీ. ఆ రోజు నర్సీపట్నంలో నాలుగున్నరకి బయల్దేరాం. డౌనూరు దాటి ఘాట్ మొదలవ్వగానే ముందంతా కార్లు, సందుల్లోంచి బైకులు. మంచు చూడ్డానికి ఎక్కే కొండ చెరువులవేనం కింద బండి ఆపేసరికి ఎనిమిదిన్నర. ఆయాసపడుతూ పైకెక్కితే లోయలో మబ్బు తునకైనా లేదు. చెట్లూ చేలూ ఎండలో కడిగినట్టు కనిపిస్తున్నాయి. సగం డబ్బులు తిరిగిచ్చాం గానీ, ఒక్క మాట మాత్రం మర్చిపోలేకపోయాను.

ఆరేళ్ల బాబొకడు. చేతులకి ఉన్ని గ్లౌజులు, నెత్తిన మంకీ క్యాప్. "అంకుల్, మంచు ఎక్కడ?" అని జేబులోంచి క్యారెట్ తీశాడు. మంచు బొమ్మకి ముక్కు పెట్టాలట. వాళ్ల నాన్న ఏమీ అనలేదు, మా వ్యాను మీద రాసిన "ఆంధ్రా కశ్మీర్"ని చూపించి ఊరుకున్నారు.

గడ్డి మీద మెరిసేదీ మంచే, దారి కనపడకుండా కమ్మేదీ మంచే, హిమాలయాల్లో కురిసేదీ మంచే. నేను రెండోది అమ్మాను, ఆ పిల్లాడు మూడోది కొన్నాడు. ఆ అక్షరాలు గీకించేశాను. లంబసింగి వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంది. చలి గట్టిగానే ఉంటుంది. పేపర్లో వేసే ఉష్ణోగ్రత అంకె చింతపల్లి వ్యవసాయ పరిశోధన కేంద్రంలో కొలిచింది. కానీ బొమ్మలు చేసుకునే మంచు ఇక్కడ దొరకదు. ఉండేది పొగమంచు.

అది కూడా రోజూ ఉండదు. రాత్రి ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి లేకపోతే నేల త్వరగా చల్లారుతుంది. బరువెక్కిన చల్లగాలి లోయలోకి దిగి, అందులో తేమ తెల్లగా పేరుకుంటుంది. మబ్బు పట్టినా, గాలి తోలినా ఇక అంతే. అందుకే ట్రిప్పు ముందురోజు రాత్రి పదింటికి మేడెక్కి చుక్కలు చూస్తున్నాను. బంగాళాఖాతంలో వాయుగుండం ఉంటే నేనే ఫోన్ చేసి చెప్తాను. తేదీ మార్చుకోవచ్చు, డబ్బులు వెనక్కి కావాలన్నా పూర్తిగా ఇచ్చేస్తాను.

ఈ సీజన్ నుంచి బయల్దేరేది రాత్రి రెండున్నరకి. ఆదివారాలు వెయ్యం. నష్టమే, కానీ ఆ ట్రాఫిక్‌లో మిమ్మల్ని కూర్చోబెట్టి డబ్బులు తీసుకోలేను. పన్నెండు సీట్లు పదికి తగ్గించాం, మనిషికి 900 కాస్తా 1,100 అయింది. తాజంగి చెరువులో బోటు షికారు ట్రిప్పులోంచి తీసేశాం. గట్టు మీద ఆగి టీ తాగుతాం, అంతే. నిజానికి తెల్లారగట్ల నీళ్ల మీంచి ఆవిరి లేస్తుంటే బోటు ఎవరికి గుర్తొస్తుంది! బొంగులో చికెన్ గురించి చాలామంది అడుగుతున్నారు. పొద్దున్న ఆరింటికి చికెన్ ఏంటండీ? దిగేటప్పుడు చూద్దాం.

ఇంకో మార్పు. గైడు కుర్రాడు కథలన్నీ ఎక్కేటప్పుడే చెప్పేవాడు, వినేవాళ్లు గురకలో ఉండేవారు. ఇకనుంచి వెలుతురులో, దిగేటప్పుడు చెప్తాడు. నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు ఈ రోడ్డు వేయించినప్పుడు గూడెం తహసీల్దారు బాస్టియన్ మన్యం వాళ్ల చేత వెట్టిగా పని చేయించాడు, కూలి ఎగ్గొట్టాడు. ఆ కడుపుమంట అల్లూరి సీతారామరాజు పితూరీలోకి, అంటే తెల్లవాళ్ల మీద తిరుగుబాటులోకి చేరింది. 1922 ఆగస్టు 22న రాజు దళం చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడి తుపాకులు పట్టుకుపోయారు. ఆ మలుపులు చూస్తూ వింటే వేరేగా ఉంటుంది.

రైల్లో వచ్చేవాళ్లకి: నర్సీపట్నం రోడ్ స్టేషన్ నర్సీపట్నం ఊళ్లో లేదు, చాలా దూరం. అక్కడ దిగి "వచ్చేశాం, ఎక్కడున్నారు?" అని ఫోన్ చేయకండి, బండి మాట్లాడుకుని ముందురోజు సాయంత్రానికే ఊళ్లోకి వచ్చేయండి. మలుపులు పడనివాళ్లు బుకింగ్ అప్పుడే చెప్తే ముందు సీటు ఉంచుతాం. ఆ క్యారెట్ బాబు వాళ్లు మళ్లీ వస్తామంటే మాత్రం ఆ ముందు సీటు వాడిదే, డబ్బులు అక్కర్లేదు.