తాసిల్దారు తిరిగి వచ్చాడు

కదిరి దగ్గర మన ఊరి నుంచి,
ఆరుద్ర కార్తె, మూడో రోజు

ప్రియ మిత్రమా,

ఉగాదికి ముందు నువ్వు రాసిన ఉత్తరానికి ఇంతవరకూ జవాబు రాయనందుకు క్షమించు. రెండుసార్లు మొదలుపెట్టాను. ఒకసారి పరీక్ష పేపర్లు దిద్దే పని అడ్డుపడింది, మరొకసారి నాయన కంటి ఆపరేషన్ వచ్చింది. నాయన కోలుకున్నాడు, చిన్నమ్మాయి పదో తరగతిలోకి వచ్చింది, ఇంటి వెనక గోడ కూలితే మళ్ళీ కట్టించాం. ఇంతకు మించి ఇంటి కబుర్లు ఈ ఉత్తరంలో నీకు దొరకవు, ఎందుకంటే మొన్న ఉదయం తాసిల్దారు తిరిగి వచ్చాడు.

అవును, ఆ తాసిల్దారే, మన ఆరుద్ర పురుగు. అదే ఎర్ర ముఖమలు కోటు, అదే నింపాది నడక, వేలు తాకగానే కాళ్ళు ముడుచుకుని విచారణ వాయిదా వేసే అదే స్వభావం. మనం ఏడో తరగతిలో ఉండగా గడ్డి పరిచిన అగ్గిపెట్టెలో పెట్టి నువ్వు తలగడ కింద దాచుకున్నవాడు, తెల్లవారాక మీ అవ్వ ఇచ్చిన తీర్పుతో విడుదలైనవాడు. ఆ తీర్పు మాటలు ఇక్కడ రాయను, నీకు గుర్తుంటే చాలు. ఆరుద్ర పురుగును నేను మన చేలల్లో చూసి పాతికేళ్ళు దాటింది. బడిలో పిల్లలకు బొమ్మ గీసి చూపిస్తూ వచ్చాను గాని, నిజం చెప్పాలంటే మన నేల నుంచి అది వెళ్ళిపోయిందనే నమ్మకానికి వచ్చేశాను.

అంతకు ముందు రాత్రి పెద్ద వాన పడింది. దీపం చుట్టూ ఉసుళ్ళు ముసురుకున్నాయి. తెల్లవారగానే అన్న ఫోన్ చేసి, ఏమీ చెప్పకుండా, "ఎగువ చేనికి రా, అగ్గిపెట్టె తెచ్చుకో" అన్నాడు. వెళ్ళేసరికి అనుముల తీగల కింద, తడిసిన కుళ్ళాకుల మధ్య ఎర్రగా ఒకటి కదిలింది, దాని పక్కన ఇంకొకటి. అక్కడే బురదలో మోకాళ్ళ మీద కూర్చుండిపోయాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయని చెప్పడానికి నీ దగ్గర నాకు సిగ్గు లేదు. నువ్వు పక్కన ఉండి ఉంటే బాగుండేదని ఎంతగా అనిపించిందో మాటల్లో చెప్పలేను.

అది పురుగే కాదనీ, సాలీడుకూ తేలుకూ చుట్టమనీ, అందుకే ఎనిమిది కాళ్ళనీ నీకు తెలుసు. అయితే దాని బతుకును మనం చిన్నప్పుడు ఆలోచించనే లేదు. ఏడాదిలో ఎక్కువ భాగం అది మట్టిలోనే ఉంటుంది. తొలి పెద్ద వానలకు కొద్దికాలం పైకి వచ్చి, చెదలనూ చిన్న పురుగులనూ వాటి గుడ్లనూ తిని, జతకట్టి, తిరిగి లోపలికి వెళ్ళిపోతుంది. గుడ్లు మట్టిలోనే పెడుతుంది. వాటి నుంచి వచ్చే పిల్లకు ఆరే కాళ్ళుంటాయి, అది మిడత వంటి పురుగులను పట్టుకుని వాటి మీద బతికి, ఆ తర్వాత మట్టిలోకి దిగుతుంది. అంటే ఆ రెండు ఎర్ర చుక్కలు మొన్న నా కంట పడాలంటే ఆ మట్టి కొన్నాళ్ళపాటు తలకిందులు కాకుండా ఉండాలి, అందులో విషం ఉండకూడదు, చెదలూ మిడతలూ కూడా బతికి ఉండాలి. ఒక్క జీవి వెనక ఇంత పెద్ద సంసారం ఉంది. ఆ సంసారం ఎగువ చేనులో ఉండి దిగువ చేనులో ఎందుకు లేదన్నదే రెండు రోజులుగా నన్ను నిద్రపోనివ్వడం లేదు.

రెండు చేలదీ ఒకే ఎర్ర నేల, ఒకే వాన. దిగువ చేను నాయనది. అందులో ముప్పై ఏళ్ళుగా చెనిక్కాయ (వేరుశనగ) తర్వాత చెనిక్కాయే. పంట పీకాక కట్టె మొత్తం పశువులకు ఇంటికి చేరుతుంది కనుక, డిసెంబరు నుంచి జూన్ దాకా నేల మీద ఒక్క ఆకు ఉండదు. ఎండాకాలంలో లోతు దుక్కి, వానకు ముందు మట్టిని పొడి చేసే రోటవేటరు, వేరుపురుగు కోసం గుళికల మందు. ఎగువ చేనులో అన్న ఐదేళ్ళుగా వేరే పద్ధతిలో నడుస్తున్నాడు. వానలకు ముందే నవధాన్యాలు చల్లుతాడు, కందితో పాటు కొర్ర, అనుము, అలసంద, ఆముదం కలిపి వేస్తాడు, ఎండిన కంప, ఆకు నేల మీదే పరుస్తాడు, పేడతో చేసే ఘనజీవామృతం ఎరువు వేస్తాడు. రెండేళ్ళు గొర్రెల మంద కూడా కట్టించాడు. రోటవేటరును ఆ చేనిలోకి దిగనివ్వలేదు.

నిన్న రెండు చేలల్లోనూ గుంతలు తీశాను. పాతిక సెంటీమీటర్ల చదరం, ముప్పై సెంటీమీటర్ల లోతు, మట్టి జీవులను లెక్కపెట్టేవాళ్ళు వాడే కొలత అదే. తీసిన మట్టిని నాయన పాత పంచె మీద పోసి, పిడికెడు పిడికెడుగా చిదిపి చూశాను. ఎగువ గుంతలో ఎర్రలు (వానపాములు), రోకలిబండలు, ఒక జెర్రి, పేరు తెలియని నల్ల పెంకు పురుగులు, చెదలు, చీమలు, సాలీళ్ళు కనిపించాయి. అట్టడుగున గుండ్రంగా ముడి వేసుకుని ఇంకా వేసవి నిద్రలోనే ఉన్న ఒక ఎర్రను చూసి, దాన్ని లేపినందుకు బాధపడ్డాను. దిగువ గుంతలో చీమలూ ఒక వేరుపురుగూ ఉన్నాయి, అంతే. ఏ పురుగును చంపడానికి ఇన్నేళ్ళు మందు పోశామో అదొక్కటే అక్కడ మిగిలింది. ఆ పంచె ముందు నాయనా, అన్నా, నేనూ చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్నాం.

ఇలా జరగడంలో వింతేమీ లేదని పుస్తకాలు చదివిన మనకు తెలుసు. నువ్వు పంపిన ఆ 2015 నాటి యూరప్ పరిశోధన గుర్తుందా? నాలుగు దేశాల పొలాలు చూసి, సాగు ఒత్తిడి పెరిగిన కొద్దీ మట్టి జీవుల్లో రకాలు తగ్గుతాయనీ, పెద్ద ఒళ్ళున్నవే ఎక్కువగా దెబ్బతింటాయనీ వాళ్ళు చెప్పారు. అప్పుడు దాన్ని చదివి పక్కన పెట్టేశాను. ఇప్పుడు పంచె మీద చూశాక అర్థమైంది. నాగలి కర్రు తాకితే ఎర్ర తెగుతుంది, దాని బొరియ పూడిపోతుంది, బొరియ పోతే వాన నీరు లోపలికి దిగే దారి పోతుంది. మట్టి రేణువుల సందుల్లో బతికే సూక్ష్మమైన నులిపురుగులకు ఆ దెబ్బ అంతగా తగలదు, బాక్టీరియాను తిని బతికే రకాలైతే దుక్కి తర్వాత వేగంగా పెరుగుతాయి కూడా. అందువల్ల దున్నిన నేల చచ్చిన నేల కాదు, చిన్నవాటికి మాత్రమే చోటు మిగిలిన నేల. పెద్దవాళ్ళు వలస పోయి పసిపిల్లలు మాత్రం మిగిలిన ఊరిలా అనిపించింది నాకు, మన ఊళ్ళో అది తిరగబడి ఉన్నా.

గుళికల మందు సంగతి చెప్పాలి. అందులోని కార్బోఫ్యూరాన్ ఎర్రలకు తీవ్రమైన విషం. మనం చిన్నప్పుడు తొలి వానల రాత్రుల్లో లాంతర్లు పట్టుకుని వేపచెట్లు కదిపి, రాలిన పెంకు పురుగులను కిరసనాయిలు డబ్బాలో వేసేవాళ్ళం, గుర్తు తెచ్చుకో. అవి వేరుపురుగుల తల్లులు. ఆ పద్ధతిలో శత్రువు ఒక్కటే చచ్చేది, పొరుగువాళ్ళ మీద చెయ్యి పడేది కాదు. ఎప్పుడు మానేశామో, ఎందుకు మానేశామో... ఆ రాత్రుల్లో నువ్వు పాడిన పాట గురించి ఇంకోసారి రాస్తాను.

నాయన మాట కూడా న్యాయంగా చెప్పాలి. లోతు దుక్కి చేస్తే వేరుపురుగు కోశాలు పైకి తేలి కొంగలకూ కాకులకూ మేత అవుతాయన్నది ఆయన అనుభవం, అది నిజమే. యూరియా వేసిన చేనంతా ఎడారి అవుతుందనడం కూడా సరికాదు, ఎరువుతో పైరు బాగా పెరిగి వేళ్ళూ ఆకులూ ఎక్కువగా నేలకు చేరితే ఎర్రలు పెరిగే సందర్భాలున్నాయి. మన దగ్గర ఆ ఆకే నేలకు చేరదు, అసలు కష్టం అక్కడుంది. అన్న కూడా ఒక పొరపాటు చేశాడు. మొదటి ఏడు ఎవరో అమ్మితే వర్మీకంపోస్టు ఎర్రలు కొని తెచ్చి నేరుగా చేనులో వదిలాడు, వారం తిరక్కుండా అన్నీ పోయాయి. ఆ ఐసీనియా, యూడ్రిలస్ రకాలు పరాయి దేశాలవి, కుళ్ళే పేడ, ఆకు కుప్పల్లో బతికేవి, ఎర్ర నేలలో జూన్ ఎండను తట్టుకోలేవు. మనకు కావలసింది లాంపిటో వంటి స్వదేశీ రకం. దాన్ని కొనుక్కోనక్కరలేదు, అడుగున నిద్రపోతున్నదాన్ని చంపకుండా ఉంటే చాలు.

ఇక అసలు విషయానికి వస్తాను, దీని కోసమే ఈ ఉత్తరం మొదలుపెట్టాను. ఐదేళ్ళ కిందట ఎగువ చేను కూడా దిగువ చేను లాగే ఉండేది. మరి ఇవన్నీ ఎక్కడి నుంచి వచ్చాయి? ఎర్ర ఎగిరి రాదు, రోకలిబండ ఎగిరి రాదు. చాలాసేపు ఆలోచించి, నిన్న సాయంత్రం మూడో గుంత గట్టు మీద తీశాను. ఎగువ చేను తూర్పు గట్టు నీకు తెలుసు, మీ అవ్వ తంగేడు పూలు కోసుకునే గట్టు, మా తాత కాలం నుంచి నాగలి తగలనిది. ఆ మట్టిని ఇంటికి తెచ్చి, గరాటులో దోమతెర ముక్క పరిచి, దాని మీద పోసి, పైన నలభై వాట్ల బల్బు వేలాడదీశాను. వేడికీ ఆరుదలకూ భయపడి జీవులు కిందకు దిగి గ్లాసులో పడతాయి. తెల్లవారుజామున భూతద్దంతో చూస్తే మిరియపు పొడి చల్లినట్టున్నాయి. కొన్ని పొట్ట కింద మడిచిన చీలిక తోకతో ఎగిరే కొలెంబోలాలు, కొన్ని నల్లటి గుండ్రని పెంకు నల్లులు, ఇవీ తాసిల్దారు చుట్టాలే. ఈ పెంకు నల్లులు చాలా నెమ్మదిగా పిల్లలు పెడతాయి, కొన్నిటికి ఏడాదికి ఒక్క తరమే. కొలెంబోలాలు దుక్కి తర్వాత త్వరగానే కోలుకున్నా ఇవి కోలుకోలేవు. అవి ఇన్నేళ్ళూ ఆ గట్టులో బతికి, అన్న ఆకు పరిచిన తర్వాత అడుగడుగుగా చేనిలోకి నడిచి వచ్చాయని నా నమ్మకం. తాసిల్దారు మకాం కూడా అక్కడే అయి ఉండాలి. దిగువ చేనుకు గట్లు లేవు. ట్రాక్టరు తిరగడానికి అడ్డమని యంత్రం పెట్టించి చదును చేయించిన రోజున నేనూ అక్కడే నిలబడి ఉన్నాను, సంతోషించాను కూడా.

మూడు గుంతలతో ఏదీ రుజువు కాదని నువ్వంటావు, అది సరైన మాటే. మంద కట్టినందువల్లనా, ఆకు పరిచినందువల్లనా, దుక్కి మానినందువల్లనా, గట్టు వల్లనా అని విడదీసి చెప్పలేను. అందుకే స్వాతి కార్తెలో నువ్వు సెలవు పెట్టుకుని రావాలి. ఒక్కో చేనులో కనీసం ఐదు గుంతలు తీద్దాం, లెక్క రాయడం నీ పని, నీ దస్తూరీ అప్పటి లాగే ఉంటే తప్ప.

తెల్లవారాక గ్లాసును నాయనకు చూపించాను. ఆపరేషన్ అయిన కంటితో భూతద్దంలోంచి చాలాసేపు చూశాడు. "ఇన్ని ఉండేవా?" అని ఒక్క మాట అన్నాడు. తర్వాత కాఫీ తాగుతూ, దిగువ చేనులో తూర్పు వైపు ఆరు సాళ్ళ మేర దున్నకుండా వదిలేస్తానని, అక్కడ గట్టు మళ్ళీ పోయించి కంది, ఆముదం వేయమని అన్నకు చెప్పాడు. గుళికల మందు గురించి మాత్రం ఇంకా ఏమీ తేల్చలేదు, ఆ మాట నేను కూడా ఎత్తలేదు, ఎందుకంటే...

ట్రాక్టరు చప్పుడు వినిపిస్తోంది, దిగువ చేనుకే వస్తోంది. ఎక్కడ ఆపాలో డ్రైవరుకు తెలియదు, హద్దుకు కర్రలు కూడా పాతలేదు. నేను పరిగెత్తాలి. అగ్గిపెట్టె ఖాళీగానే ఉంది, తాసిల్దారును ఈసారి పట్టలేదు.

నీ,
ఆరో బెంచీ