ఓర్లాండో నుంచి వచ్చాక అప్పకి

అట్లాంటా

అప్పకి,

ఇక్కడ అందరం కులాసా. నువ్వు, బావ, పిల్లలు బాగున్నారని తలుస్తాను.

ఓర్లాండో ఫొటోలు చూసి "రాజభోగం మీది" అని మెసేజ్ పెట్టావు. అవన్నీ పొద్దున్న పదింటిలోపు తీసినవే అప్పా. తర్వాతి కథ ఫోనులో చెప్పాలంటే అత్త పక్కనే ఉంటుంది. అందుకే రాస్తున్నాను.

ఏడు గంటలు కారులో పడి వెళ్ళామా, గేటు దగ్గరే ఆగిపోయాం. ఆ రైడ్ల పార్కులోకి గాజుసీసాలు రానివ్వరట. అత్త సంచిలో విజీనారం నుంచి తెచ్చిన ఆవకాయ సీసా! ఆ గార్డు దాన్ని ఎండకెత్తి, పైకి తేలిన నూనెని అటూ ఇటూ వంచి చూసి, చెత్తడబ్బా చూపించాడు. "నా సేత్తో కలిపిన ఆవకాయ కుప్పలో పారేత్తానేటి?" అని అత్త అక్కడే చతికిలబడింది. నీ మరిది సీసా పట్టుకుని మళ్ళీ కారు దాకా నడిచారు. ఆ పార్కింగు మన కంటోన్మెంటు నుంచి కోటదాకా ఉంటుందనుకో.

లోపల చిన్నోడి గొడవ. వాడు ఎక్కుతానన్న రైడుకి 40 అంగుళాల ఎత్తుండాలి. కొలకర్ర పక్కన మునివేళ్ళ మీద లేచాడు, జుత్తు పైకి దువ్వుకున్నాడు. కొలిచే అమ్మాయి నవ్వుతూనే మడమలు కిందకి దింపించింది. వేలెడు తక్కువ. పెద్దది ఒక్కర్తీ ఎక్కనంది.

మధ్యాహ్నానికి మబ్బు కమ్మేసింది. అటు అట్లాంటిక్, ఇటు గల్ఫ్, రెండు సముద్రాల గాలీ నడిమధ్యన ఢీకొని వేసవిలో అక్కడ ఉరుములు మామూలేనట. దగ్గర్లో పిడుగు పడితే బయటి రైడ్లన్నీ ఆపేస్తారు. ఆపాలి కూడా, దానికి నేనేమీ అనను. కానీ వాపసు లేదన్న ముక్క టికెట్టు మీద చీమల అక్షరాల్లో వేయడమెందుకు? అందరి టికెట్ల డబ్బుతో మన పెరటిగోడ లేచిపోయేది.

రేకులకింద తడిసి నిలబడ్డప్పుడు అత్త మన పైడితల్లమ్మ జాతర సిరిమాను కథ ఎత్తుకుంది. అమ్మవారు పూజారి కల్లోకొచ్చి చింతచెట్టు ఎక్కడుందో చెప్పడం, ఆ మాను కొసన ఆయన్ని కూర్చోబెట్టి మూడులాంతర్ల కూడలి నుంచి కోటకి మూడుసార్లు తిప్పడం, జనం అరటిపళ్ళు విసరడం.

"బెల్టు ఉంటుందా?" అన్నాడు చిన్నోడు.

"అమ్మోరే బెల్టు."

"ఎత్తు కొలుస్తారా?"

"పూజారికి కొలతేట్రా, గుంటడా!"

అప్పట్నుంచీ ఇంట్లో ఇదే గోల. దసరా వెళ్ళిన మంగళవారానికి రావాలని టికెట్లు చూస్తున్నాం. రోడ్డు మీద ఆ జనంలో పిల్లలతో నావల్ల కాదు. మూడులాంతర్ల దగ్గర బావ స్నేహితుడి మేడ ఉంది కదా, ముందే ఒక మాట వేసి ఉంచమను. అక్కడ్నుంచి విసిరితే అరటిపండు మానుదాకా అందుతుందో లేదో కూడా కనుక్కోమని చిన్నోడు పక్కనుంచి పోరుతున్నాడు.

నీ చెల్లి