ఎత్తు ఎక్కడి నుంచి కొలవాలి?

సంపాదకులకు,

కాళేశ్వరం కరెంటు ఖర్చు మీద వాదన వచ్చినప్పుడల్లా ‘నీళ్లను 618 మీటర్లు ఎత్తిపోస్తారు’ అన్న మాట వినిపిస్తుంది. 618 మీటర్లు నీళ్లు చివరికి చేరే కొండపోచమ్మసాగర్ జలాశయం పూర్తిస్థాయి నీటిమట్టం, అదీ సముద్రమట్టం నుంచి. నీళ్లు తీసుకునే మేడిగడ్డ బ్యారేజీ పూర్తిస్థాయి మట్టమే 100 మీటర్లు. భూమ్యాకర్షణకు ఎదురుగా చేసే పనికి లెక్కలోకి వచ్చేది ఈ రెండింటి తేడా, అంటే 518.

ద్రవ్యరాశి, 9.8 (గురుత్వ త్వరణం), ఎత్తు గుణిస్తే పని జౌళ్లలో వస్తుందని హైస్కూలు పిల్లలకూ తెలుసు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, సుమారు 2.83 కోట్ల ఘనపు మీటర్లు. ఘనపు మీటరు నీళ్ల బరువు వెయ్యి కిలోలు. అంత నీటిని ఒక్క మీటరు లేపాలంటే దాదాపు 27,750 కోట్ల జౌళ్లు. కరెంటు యూనిట్‌కు 36 లక్షల జౌళ్లు కనుక 77 వేల యూనిట్లు. ఈ ఒక్క అంకె గుర్తుంటే ఏ ఎత్తిపోతలకైనా నోటిలెక్క చాలు. 518 మీటర్లకు టీఎంసీకి దాదాపు 4 కోట్ల యూనిట్లు. 618 వేసుకుంటే 77 లక్షల యూనిట్లు ఉత్తపుణ్యానికి పెరుగుతాయి.

అలాగని 4 కోట్లతో సరిపోతుందనేవారి లెక్కా నిలవదు. పంపు, మోటారు, ట్రాన్స్‌ఫార్మర్ అన్నీ కలిపి 80 శాతం సామర్థ్యం అనుకున్నా కరెంటు మీటరు మీద 5 కోట్ల యూనిట్లు తిరుగుతాయి. పైపుల్లో రాపిడి దీనికి అదనం. నీటి వేగం రెట్టింపైతే అది దాదాపు నాలుగింతలు. పైగా దశలవారీగా ఎత్తేటప్పుడు నీళ్లు ఒక పంపుహౌస్ దాటాక గ్రావిటీ కాలువలో కొంత కిందికి దిగి తర్వాతి పంపుహౌస్ చేరతాయి. దిగిన ప్రతి మీటరూ మళ్లీ ఎత్తాల్సిందే. అన్ని దశలూ కూడితే 518 దాటుతుంది.

మెగావాట్లనూ యూనిట్లనూ కలిపేయడం ఇంకో తలనొప్పి. 139 మెగావాట్ల మోటారు పూర్తి లోడు మీద గంట నడిస్తే 1,39,000 యూనిట్లు కాలుతుంది. గంటలు చెప్పకుండా మెగావాట్లే రాస్తే ఖర్చు తేలదు.

బోర్ల విషయంలోనూ ఇదే తికమక. మోటారు 300 అడుగుల్లో దించినా, అది నడిచేటప్పుడు నీటిమట్టం 180 అడుగుల దగ్గర నిలిస్తే నేల మీదికి ఎత్తేది 180 అడుగులే. ఆ కింది 120 అడుగుల్లో బోరులోని నీటి ఒత్తిడే పైపులోని నీటిని మోస్తుంది. రాపిడి మాత్రం మొత్తం పైపుకూ పడుతుంది.

ఎత్తిపోతల వార్తలు వేసేటప్పుడు నీరు తీసుకునే చోటి మట్టం, వదిలే చోటి మట్టం, ఎత్తిన టీఎంసీలు, కరెంటు మీటరులో తిరిగిన యూనిట్లు కూడా ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

– విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు, కరీంనగర్